పరిచయపత్రము ఎవరి సాక్ష్యము?



మన సంఘములలో కొందరు ఈ మధ్య ఒక ప్రత్యేకమైన ప్రార్థన కోరుచున్నారు. వారు ఇంటరు పరీక్షకు పోవు పిల్లలు కారు. ముప్పది దాటినవారు, నలువదికి దగ్గరపడినవారు. ఉద్యోగము, భార్యాబిడ్డలు గలవారు. రుద్రంగి నుండి ఇటు కోరుట్ల, జగిత్యాల, అటు సిరిసిల్ల వరకు ఇట్టివారు కనబడుచున్నారు. కాలువ పనులమీద, కరెంటు సబ్‌స్టేషనులలో, సిరిసిల్ల సాంచెల షెడ్లలో, దుబాయి మస్కటు కట్టడములలో పది పండ్రెండేండ్లు చెమటోడ్చి, ఇప్పుడు ఎం.టెక్. చదువవలెననియు, లేక అమెరికాకో జర్మనీకో పైచదువునకు దరఖాస్తు పెట్టవలెననియు తలంచువారు. నాచుపల్లిలో 2007లోను, సిరిసిల్లలో 2021లోను జె.ఎన్.టి.యు. కళాశాలలు వెలసిన తరువాత ఈ తలంపు మన గడపలోనికే వచ్చినది.

ఈ వయస్సులో చదువేమిటని ఇరుగుపొరుగువారు నవ్వుదురు. నవ్వనిండు. గేట్ పరీక్షకు వయఃపరిమితి లేదు. ఫరోయెదుట నిలిచిన నాటికి మోషే ఎనుబదియేండ్లవాడు. అయితే గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పియున్నాడు గదా. గేట్ అర్హతతో పూర్తికాలపు ఎం.టెక్. చేరినవానికి ఏ.ఐ.సి.టి.ఇ. ఇచ్చు ఉపకారవేతనము నెలకు 12,400 రూపాయలు, అదియు రెండేండ్లు మాత్రమే. జీతము మానుకొని దానితో ఇల్లు గడుచునా అని భార్యతో కూర్చుండి మాటలాడవలెను. పని విడువకయే చదువు మార్గములును కలవు. పిలానీ బిట్స్ సంస్థ అట్టి కోర్సులు నడుపుచున్నది. పనిచేయువారికై వారికి వీలైన వేళలలో తరగతులు నడుపుకొనుటకు ఏ.ఐ.సి.టి.ఇ. 2023లో కళాశాలలకు అనుమతినిచ్చినది. ఈ లెక్క కష్టమే గాని, ఇందులో మనస్సాక్షికి చిక్కు లేదు.

చిక్కు మరియొక చోట నున్నది. మన దేశములో చాలావరకు గేట్ మార్కే అభ్యర్థి పక్షమున మాటలాడును. పరదేశ విశ్వవిద్యాలయములు అట్లు కాదు. తన్నుగూర్చి తానే ఒక లేఖ వ్రాయుమందురు. తన్నెరిగిన ఇద్దరు ముగ్గురిచేత పరిచయపత్రములు పంపుమందురు. నిన్న మొన్న కళాశాల విడిచినవానికి ఇది తేలిక. పండ్రెండేండ్లు పనిచేసినవానికి ఎవరున్నారు? ఆనాటి ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసెను, లేక ఇతని ముఖమే మరచెను. పైయధికారి ఎరుగును గాని, ఆయనకు ఇంగ్లీషులో నాలుగు మాటలు వ్రాయు తీరిక లేదు. మంచి పనివానిని పోగొట్టుకొనుట ఇష్టమును లేదు. కడకు ఒక మాట వినబడును: "నీవే వ్రాసి తీసికొని రావయ్యా, సంతకము పెట్టెదను."

ఇందులో నొక వింత చూడుడి. అమెరికాలో 1974లో చేయబడిన చట్టము ప్రకారము విద్యార్థికి తన్నుగూర్చిన కాగితములు చూచు హక్కు కలదు. గనుక పరిచయపత్రమును చూచు హక్కును వదలుకొనుచున్నావా అని దరఖాస్తులో అడుగుదురు. వదలుకొనుచున్నానని చాలామంది గుర్తు పెట్టుదురు, ఏలయనగా అభ్యర్థి చూడని పత్రమునకే విలువ యెక్కువ. తానే వ్రాసిన దానిని తాను చూడనని వ్రాసి యిచ్చుట! ఇంకొందరు పాత ఉపాధ్యాయుని పేర క్రొత్త ఈ-మెయిలు తెరచి, ఆయనకు పోవలసిన కబురును తమకే రప్పించుకొందురు. దీనికి రుసుము పుచ్చుకొను మధ్యవర్తులును కలరు.

"అయ్యగారూ, లోకమంతయు ఇట్లే చేయుచున్నది. నిజము చెప్పినవాడు ఊరిలో మిగులును, అబద్ధమాడినవాడు విమానమెక్కును" అని మీరనవచ్చును. ఆ మాటను నేను తేలికగా త్రోసివేయను. పేదవాని కొడుకు చేతికి అందిన ఒక్క అవకాశము అది. వ్రాసిన చేయి ఎవరిదన్నదియు నాకు పెద్ద విషయము కాదు. రోమీయులకు పంపిన పత్రికను పౌలు చెప్పగా తెర్తియు వ్రాసెను. ఆ పత్రిక చివరనే ఫీబే అను సహోదరిని గూర్చిన సిఫారసు కలదు. సిరా తెర్తియుది, సాక్ష్యము పౌలుది. ఆమె ఎవరికి ఎట్లు సహాయము చేసెనో పౌలు స్వయముగా ఎరుగును. తాను చేసిన పనుల పట్టికను, సంవత్సరములతో సహా, అధికారికి వ్రాసి యిచ్చుట జ్ఞాపకము చేయుటయే; అందు దోషము లేదు. పొగడ్తను తానే అల్లి, చూడనివానిచేత చూచినట్లు చెప్పించుట వేరు. అది పొరుగువానిని గూర్చిన అబద్ధసాక్ష్యము కాకపోవచ్చును. తన్నుగూర్చి పొరుగువానిచేత పలికించిన అబద్ధసాక్ష్యము.

ఈ అలవాటు పెరిగి ఎంతవరకు పోవునో 2019 జనవరిలో చూచితిమి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ అను పేర ఒక విశ్వవిద్యాలయముండెను. దానికి చిరునామా ఉండెను, ఫీజు ఉండెను. ఉపాధ్యాయుడు లేడు, తరగతి లేదు. వలస చట్టములు తప్పువారిని పట్టుటకు అచ్చటి ప్రభుత్వపు ఉద్యోగులే 2015లో దానిని పెట్టిరి. పైచదువు చదువుచున్నామని కాగితము చూపి ఉద్యోగములు చేసికొనుచున్న 130 మందిని మొదట పట్టుకొనిరి. వారిలో 129 మంది మన దేశస్థులు. తెలుగు బిడ్డలు అనేకులు. ఎనిమిదిమంది మధ్యవర్తులపై నేరము మోపబడెను. మోసపోయితిమని చెప్పిన విద్యార్థులును కలరు. ప్రభుత్వమే వల పన్నుట నాకు న్యాయముగా తోచలేదు. అయినను పంట వేయని చేను కోసితినని చెప్పుకొనుటకు అలవాటుపడినవారికే ఆ వల సులువుగా తగిలినది.

ఇక అభ్యర్థి తన్నుగూర్చి వ్రాయు లేఖ సంగతి. పంపుహౌసులో నలువదిమంది పనిచేసిరి; లేఖలో "నేను నిర్మించితిని" అని పడును. మధ్యవర్తి ఆ మాటనే నేర్పును. ఇంజనీరు కాగితమునకు వెనుక కాంక్రీటు ఉండునని మరువరాదు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజిలో స్తంభములు క్రుంగినవి. దోషమెవరిదో తేల్చుట నా పని కాదు. కాని అట్టి కట్టడమునకు రేపు ఎవరిని పిలువవలెనో ఈ కాగితములే చెప్పును.

అయితే మన గ్రామ సంఘములలో నేను ఎక్కువగా చూచునది దీనికి తలక్రిందైన తప్పు. మనవారు తగ్గించుకొనుట నేర్చుకొనిరి. "నీవేమి చేసితివి నాయనా?" అంటే "ఏదో, చిన్న పని అయ్యగారూ" అందురు. ఒకని తలంచుకొనుడి. వేసవిలో వోల్టేజి పడినప్పుడు సాంచెల మోటార్లు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి కాలిపోవుచున్నవి. ఇతడు ఏ మోటారు ఏ గంటకు ఎంత లాగుచున్నదో ఆరు నెలలు నోటుపుస్తకములో వ్రాసికొనెను. ఆ లెక్కనుబట్టి షెడ్డులో నడుపు వేళలు మార్పించెను. ఆసామికి రిపేరు ఖర్చు తగ్గెను. దరఖాస్తులో మాత్రము "మర నేత షెడ్డులో పది సంవత్సరముల అనుభవము" అని ఒక్క పంక్తి వ్రాసెను. అడిగినవారు తెలిసికొనగోరినది ఆ నోటుపుస్తకము గదా! ఇది వినయము కాదు, దేవుడిచ్చిన దానిని దాచుట. బెసలేలు బంగారు, వెండి, ఇత్తడి, రాళ్లు, కఱ్ఱ పనులలో నేర్పరియని నిర్గమకాండము దాచక చెప్పుచున్నది. ఇతరులకు నేర్పు వరమును అతనికి కలదని చెప్పుచున్నది. ప్రక్కన అహోలీయాబు పేరును విడువలేదు. నా భాగము ఇంత, నా తోడివారి భాగము అంత అని వ్రాయుటకు ఇంతకంటె మంచి మాదిరి నేనెరుగను.

సంతకము పెట్టు పెద్దలారా, మీతోను ఒక మాట. పాఠశాల ప్రధానోపాధ్యాయులను, సర్పంచులను, మా వంటి కాపరులను కూడ ఇప్పుడు పత్రములు అడుగుచున్నారు. వచ్చినవానిని కూర్చుండబెట్టి, మీరెరిగినది తెలుగులో చెప్పుడి. ఇంగ్లీషు వచ్చినవారు మరియొకరు దానిని వ్రాసి, మరల తెలుగులో మీకు చదివి వినిపింపవలెను. అప్పుడు మీ చేతితోనే సంతకము పెట్టుడి, మీ ఈ-మెయిలు నుండియే పంపుడి. ఆలస్యమగును. గడువు తప్పినను తప్పవచ్చును. గేట్ మార్కు మూడేండ్లు చెల్లును. వచ్చే యేడు దరఖాస్తులు మరల పిలుతురు.

ఒక సహోదరుడు, మన సంఘములో మూడేండ్లు రాత్రి బడి నడిపెనని వ్రాసియిమ్మని నన్నడిగెను. రాత్రి బడి ఎన్నడును నడువలేదు. సంఘపు బోరు స్టార్టరు చెడినప్పుడు అతడు రెండు రాత్రులు లాంతరు పెట్టుకొని దానిని విప్పి బాగుచేసెననియు, తరువాత ఇద్దరు యౌవనులకు ఆ పని నేర్పెననియు, ఇప్పుడు మాకు మిస్త్రీని పిలువవలసిన అవసరము లేదనియు వ్రాసి యిచ్చితిని. ఇంత చిన్నదా అని అతడు మొదట చిన్నబుచ్చుకొనెను. రెండవమారు చదివి, మడిచి జేబులో పెట్టుకొని, స్టార్టరు పేరు తప్పు పడినది దిద్దుమని అడిగెను.