దైవం అయిదోది

దారిలో కారు ఆగిపోతే బానెట్ ఎత్తకముందే మనవాళ్లు తీర్పు చెప్పేస్తారు. దిష్టి తగిలిందంటారు, శని నడుస్తోందంటారు, బయల్దేరిన వేళ మంచిది కాదంటారు. నేను ఓరియంటల్ కాలేజీలో తర్కసంగ్రహం పాఠం చెప్పి రిటైరైనదాన్ని. ఇంట్లో 1997 మోడల్ మారుతీ ఎస్టీమ్ ఉంది. ఆ పుస్తకమూ ఈ కారూ రెండూ చేతికి బాగా అలవాటైనవే కాబట్టి, ఈ తీర్పుల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. దైవాన్ని తలుచుకోవద్దని నేననను. ఆ మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తేల్చుకోకుండా వాడేస్తున్నామన్నదే నా బాధ.

కారు మావారు కొన్నది. ఆయన పోయాక పిల్లలు అమ్మేయమన్నారు, నాకు మనసొప్పలేదు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ముగిశాక అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ, గ్రీన్ ట్యాక్స్ కడుతూ నడుపుకుంటున్నాను. ఎస్టీమ్ తయారీ 2007లోనే ఆగిపోయింది. కొన్ని స్పేర్లు విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లు గాలిస్తే తప్ప దొరకవు. అంత తిరిగి తెచ్చిన సామాను తీరా బిగించాక, పాడైంది అది కాదని తేలితే డబ్బూ పోతుంది, ఆ రోజూ పోతుంది. అందుకని పాత కారు ఉన్నవాళ్లకి ముందు కారణం తేల్చుకోవడం తప్పదు. లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్లే ఆ దారినే మనవాళ్లు అనుమాన ప్రమాణం అన్నారు. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు, ఆయన మన ఆంధ్రుడే, చిన్నపిల్లలకి కూడా సులువుగా పట్టుబడాలని దాన్ని తర్కసంగ్రహంలో కుదించి రాశారు.

కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది. తర్కంలో అందరూ ముందు నేర్చుకునేది ఇదే. మరి నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకి తడికట్టె తోడైతేనే పొగ. ఆ తడికట్టెని ఉపాధి అన్నారు. ఈ పాఠం సైలెన్సర్ వెనక నిలబడి చెప్పుకోవాల్సింది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ సిలిండర్లలో మంట ఉంటూనే ఉంటుంది. బయట పొగ కనబడిందంటే ఆ మంటకి అక్కర్లేనిదేదో తోడైంది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది, చోక్ పట్టేసిందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. తెల్లపొగ ఆగకుండా వస్తూ, పైగా రేడియేటర్‌లో నీళ్లు తరిగిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ మీదికి పోవాలి. అయితే మాఘమాసపు పొద్దున ఇంజిన్ వేడెక్కేదాకా కనబడే తెల్లటిది పొగ కాదు, ఆవిరి. ఆవిరిని చూసి పొగ అనుకుని, లేని నిప్పును ఊహించినవాడి ఉదాహరణ తర్కం నేర్పే న్యాయశాస్త్రంలోనే ఉంది. అలాంటివాడి చేతిలో పడితే బాగున్న ఇంజిన్ విప్పించేస్తాడు.

ఇక నీలం పొగ. అది వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అందరికీ తెలుసు. ఎప్పుడు వస్తోందన్నది చాలామంది చూడరు. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని వదిలి ఊరుకుందంటే వాల్వ్ సీళ్లు గట్టిపడిపోయినట్టు. నిలబడి ఉన్నప్పుడు పైనున్న ఆయిల్ వాల్వ్ వెంబడి కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. అలా కాక యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. మొదటిది ఓర్చుకోగల ఖర్చు, రెండోదానికి ఇంజిన్ దింపాలి. పొగ రంగు ఒకటే, వేళ వేరు. ఆ వేళ గమనించినవాడికే జవాబు దొరుకుతుంది.

ఒక వేసవిలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. ఇంజిన్ హెడ్ విప్పాలని ఒక షెడ్డులో తేల్చేశారు. ఇంట్లోనేమో శనికి తైలాభిషేకం మాట వచ్చింది. మావారి రోజుల నుంచి బండి చూసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను బానెట్ మీద చెయ్యి కూడా వెయ్యకుండా అడిగాడు.

"అమ్మా, నిలబడితే ఎక్కుతోందా, హైవే మీద కూడా ఎక్కుతోందా?"

"హైవే ఎక్కితే దిగిపోతోంది నాయనా."

"అయితే హెడ్ జోలికి పోవద్దు. గాలి తగిలితే చల్లబడుతోందంటే నీళ్లు తిరుగుతున్నాయి. నిలబడ్డప్పుడు తిరగాల్సిన ఫ్యాన్ సంగతి చూద్దాం."

ఫ్యాన్ స్విచ్చి కనెక్టర్ ఊడదీసి, చిన్న వైరు ముక్కతో కలిపాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఫ్యాన్ మంచిదే, ఫ్యూజు మంచిదే, పోయింది వేడిని పసిగట్టే స్విచ్చి. అలా కలిపినా తిరక్కపోతే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి మోటారు చూసేవాణ్ణన్నాడు. హైవే మీద కూడా ముల్లు ఎక్కుతుంటే రేడియేటర్ పూడుకుందనో, థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదనో వెతికేవాణ్ణన్నాడు. అతను ఏడో తరగతితో చదువు మానేశాడు. అది ఉంటే ఇది ఉంటుంది, అది లేకపోతే ఇది ఉండదు అనే అన్వయ వ్యతిరేకాలు నా క్లాసులో అప్పజెప్పి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాళ్లలో వాటినిలా చేతుల్లోకి తెచ్చుకున్నవాళ్లు అరుదు.

కార్యానికి ముందు ఉన్నదంతా కారణం కాదన్నది కూడా తర్కం నేర్పేదే. కుండకి మట్టి కారణం, కుమ్మరి కారణం, సారె తిప్పిన కర్ర కారణం. మట్టి మోసుకొచ్చిన గాడిద? కుండ పుట్టకముందు అదీ అక్కడే ఉంది, కారణం మాత్రం కాదు. దాన్ని అన్యథాసిద్ధం అని పక్కన పెట్టారు. ఎదురొచ్చిన పిల్లి, గడప దాటుతుంటే వినబడ్డ తుమ్ము, వెనక నుంచి పిలిచిన మనిషి, అన్నీ ఆ పక్కన పెట్టాల్సినవే. షెడ్డుల్లోనూ ఇలాంటివి వినబడుతుంటాయి. మొన్న ఫలానా బంకులో పెట్రోలు కొట్టించారు కదా, అదేనని తేల్చేస్తారు.

మరి దైవం మాటేమిటి? న్యాయశాస్త్రం దైవాన్ని తోసిపుచ్చలేదు. ఏ పని జరగడానికైనా ఎనిమిది సాధారణ కారణాలు ఉన్నాయని లెక్క చెప్పింది. ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం, కాలం, దిక్కు, ప్రాగభావం, అదృష్టం. ప్రాగభావం అంటే పుట్టకముందు అది లేకపోవడం, అదృష్టం అంటే ఇక్కడ జీవుల పుణ్యపాపాలు. ఈ ఎనిమిదీ కుండ తయారైనప్పుడూ ఉన్నాయి, పగిలినప్పుడూ ఉన్నాయి. ఫ్యాన్ తిరిగిన నిన్నా ఉన్నాయి, తిరగని ఇవాళా ఉన్నాయి. రెండు రోజులకీ సమానంగా ఉన్నవి ఆ రెంటికీ తేడా ఎందుకొచ్చిందో చెప్పలేవు. దానికి అసాధారణ కారణం కావాలి. మా కారు విషయంలో అది ఆ స్విచ్చి. ఈశ్వరేచ్ఛ అని ఊరుకున్నవాడు అబద్ధమాడలేదు, కానీ అడిగిన ప్రశ్నకి జవాబూ చెప్పలేదు.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో పద్నాలుగో శ్లోకం ఏ కర్మకైనా అయిదు కారణాలు చెబుతుంది. ఆధారం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. కారుకి అన్వయించుకుంటే బండి, నడిపేవాడు, దానిలోని సామాన్లు, నడిపే తీరు, ఆ తర్వాత దైవం. దైవం లేకుండా లెక్క పూర్తికాదు, నిజమే. మొదటి నాలుగూ చూడకుండా అయిదోదానికి దూకితే ఆ శ్లోకం చదివినట్టు కాదు. యాజ్ఞవల్క్యస్మృతి దైవాన్నీ పురుషప్రయత్నాన్నీ రథానికి రెండు చక్రాలంది. ఎంతో గౌరవంతోనే చెబుతున్నాను, ఆ పోలిక నాకు చాలదు. రెండు చక్రాలన్నాక, బండి కుంటుపడినప్పుడల్లా చెడింది దైవం వైపు చక్రమే అనుకోవడానికి చోటు దొరుకుతుంది. న్యాయశాస్త్రం లెక్కలో ఆ చోటు లేదు.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకునేవాళ్లని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడమంటాను. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది. ఏళ్ల తరబడి మార్చనిది డికాషన్‌లా నల్లబడిపోతుంది. అది గాలిలోని తేమని పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరిందంటే 140 డిగ్రీలకే మరగొచ్చు. దోర్నాల వైపు శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు కొందరు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలి, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుకుంటూ వస్తారు. డిస్కులు కాలిపోతాయి, ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలకి ఆనుతుంది, బండి ఆగదు. మర్నాడు పేపర్లో "విధి వక్రించింది" అని వస్తుంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ ఎప్పుడు మార్చారు? కింది గేర్లో ఎందుకు దిగలేదు? అది కిరాయి బండైతే ఫిట్‌నెస్ సంతకం ఎవరిది? అడగాల్సినవన్నీ ఆ రెండు మాటల కింద కప్పబడిపోతాయి.

మా వీధిలో ఒకావిడకి ఒక్కగానొక్క కొడుకు. కిరాయి వ్యానులో వెళ్తూ అలాంటి దిగుడులోనే పోయాడు. పరామర్శకి వచ్చినవాళ్లంతా అంతవరకే రాసిపెట్టి ఉందన్నారు. కర్మకాండలయ్యాక ఆవిడ మా ఇంటికొచ్చి, "అమ్మగారూ, మీరు శాస్త్రం చదివారు కదా. పోయిన జన్మలో నేనేం పాపం చేశానో చెప్పండి" అంది. ఆ తల్లి నోట ఆ ప్రశ్న పెట్టింది మనమే. నేను చెప్పగలిగింది ఇంతే. అదృష్టం కంటికి కనబడేది కాదు. ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఎందుకన్నదానికి అలాంటిది ఒకటి ఉండాలని శాస్త్రం ఊహించింది. అది ఉందని చెప్పింది కానీ, ఎవరి ఖాతాలో ఏముందో చదివే ప్రమాణం ఏ మనిషికీ ఇవ్వలేదు. నీ పాపమని అన్నవాళ్లెవరూ అది తెలిసి అనలేదు. వ్యాను ఎందుకు ఆగలేదన్నది మాత్రం తెలుసుకోవచ్చు. దానికి వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు ఉంటుంది, అడిగి తీసుకో అన్నాను. నా కొడుక్కే ఎందుకన్న ఆవిడ ప్రశ్నకి ఆ రిపోర్టులో జవాబుండదు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆ రెండు ప్రశ్నలూ కలిపేసినందువల్లే మనం మొదటిదానికి జవాబు వెతకడం మానేశాం, రెండోదానికి లేని జవాబు చెప్పడం మొదలుపెట్టాం.

అయితే బండికి పూజ ఎందుకని మా అమ్మాయి అడుగుతుంది. ఆయుధపూజ రోజు ఆటోనగర్‌లో స్పానర్లకీ జాకీలకీ పసుపు కుంకుమలు పెడతారు. గీత లెక్కలో అవి మూడో కారణం, సాధనాలు. వాటిని కళ్లకద్దుకోవడంలో నాకు ఏ లోపమూ కనబడదు. దసరాకి ముందు బ్రేక్ ఆయిల్ మార్పించి, ఆ తర్వాతే టైర్ల కింద నిమ్మకాయలు పెడతాను.

దైవం మీదికి తోసేయాలని మనసు గట్టిగా లాగేది ఉండుండి వచ్చే రోగాల దగ్గర. ఇప్పుడు మా ఎస్టీమ్‌కి అలాంటిదే పట్టుకుంది. బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఆగదు. ఇగ్నిషన్ కాయిల్ అని మెకానిక్ అంటాడు, వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అందడం లేదని నేనంటాను. తేల్చే పరీక్ష ఒకటుంది. ఆగిన క్షణంలోనే ప్లగ్ వైరు ఊడదీసి, వేరే ప్లగ్ తగిలించి, దాన్ని ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. స్పార్క్ వస్తే నా మాట నిలుస్తుంది, రాకపోతే అతని మాట. స్పేర్ ప్లగ్ ఒకటి, రబ్బరు తొడుగుల జత ఒకటి డాష్‌బోర్డు అరలో పెట్టుకుని తిరుగుతున్నాను.