నలుగురిలో

నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం ఉండేది. 1919 నాటిది, ఫస్లీ లెక్కలో 1329. హిజ్రాల పేర్లూ చిరునామాలూ రాసుకోవడానికి ఒక రిజిస్టరు పెట్టాలని, వాళ్లు ఆడబట్టలు కట్టుకుని నగలు పెట్టుకుని వీధిలో తిరిగినా, వీధిలోకి కనబడేలా ఆడినా పాడినా వారెంటు లేకుండానే అరెస్టు చెయ్యొచ్చని అందులో రాశారు. నిజాం పాలన పోయింది. రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఆ చట్టంలో నాకు మనసులో నిలిచిపోయింది శిక్ష సంగతి కాదు, ‘వీధిలోకి కనబడేలా’ అన్న షరతు. కోర్టు చట్టాన్ని కొట్టేసినా ఆ షరతు మన ఇళ్లలో ఇంకా అమల్లోనే ఉంది. ‘నువ్వెలా ఉన్నా మా బిడ్డవే, కానీ నలుగురికీ తెలియనివ్వకు’ అని ఎందరు తల్లులు బతిమాలుకుంటారో. వాళ్లకు ప్రేమ లేదని నేననను. బిడ్డ మీద ఎంత ప్రేమ ఉందో ఆ నలుగురంటే అంత భయం కూడా ఉంది. అయితే ఆ భయం తల్లి ఒక్కతే మోయదు, సగానికి పైగా బిడ్డ నెత్తిన పడుతుంది.

హైదరాబాద్‌లో గే, లెస్బియన్, ట్రాన్స్ పిల్లలు కొందరు ఆదివారం సాయంత్రాలు కలుసుకునే చోటుకు ఒకసారి ఒక స్నేహితురాలు నన్ను తీసుకెళ్లింది. మూడో అంతస్తులో అద్దె గది. గుమ్మం బయట చెప్పుల గుట్ట, లోపల రెండు చాపలు, ఫ్లాస్కులో టీ, ఉస్మానియా బిస్కెట్లు. ఎవరో ఫోనులో పాట పెట్టారు, ఇద్దరు లేచి స్టెప్పులేస్తున్నారు, గదంతా నవ్వులు. అంతలో జనగామ నుంచి వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న ఒకబ్బాయి ఫోను మోగింది. తెర మీద ‘అమ్మ’ అని ఉంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాట ఆగిపోయింది, నవ్వులు ఆగిపోయాయి, గాజులు వేసుకున్న అమ్మాయి వాటిని కదలకుండా పట్టుకుంది. ‘రూములోనే ఉన్నానమ్మా. తిన్నా. పప్పూ, బెండకాయ వేపుడూ’ అన్నాడతను. ఫోను పెట్టేశాక పక్కనున్నవాళ్లు అతని భుజం మీద చెయ్యి వేశారు. మాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ నిశ్శబ్దం అక్కడ అందరికీ కంఠతా వచ్చు. అది చూశాకే నాకు అలాంటి గది ఎందుకు కావాలో తెలిసింది. వాళ్లు రోజంతా తమ ఒంటికి తామే కాపలా కాస్తూ బతుకుతారు. నడక ఎలా ఉందో, చెయ్యి ఎలా తిప్పుతున్నామో, గొంతు సన్నగా పలుకుతోందేమో చూసుకోవాలి. ఆఫీసులో ‘ఎవరైనా అమ్మాయి ఉందా?’ అని అడిగితే ప్రేమించిన అబ్బాయికి అప్పటికప్పుడు ఆడపేరు పెట్టాలి. ఆ కాపలా వారానికి రెండు గంటలు మానుకోవడానికి ఒక చోటు. అంతకంటే పెద్ద కోరికేమీ కాదది.

మిగతావాళ్లకు అలాంటి చోటు ఇల్లే కదా అంటారు. అవును, కానీ వీళ్లలో చాలామందికి ఇల్లే లేకుండా పోయింది. ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిలు మదురై నుంచి చెన్నైకి పారిపోయి వస్తే, తల్లిదండ్రులు కనబడటం లేదని కేసు పెట్టారు, పోలీసులు వెతుక్కుంటూ వచ్చారు. ఆ అమ్మాయిలు మద్రాసు హైకోర్టును ఆశ్రయించారు. ఈ విషయం తనకు సరిగ్గా తెలియదని జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ దాచుకోకుండా చెప్పి, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకుని, 2021 జూన్‌లో ఆదేశాలిచ్చారు. ‘నయం చేస్తాం’ అంటూ చేసే చికిత్సలను నిషేధించారు. మరుసటి ఏడు జాతీయ వైద్య కమిషన్ కూడా అలాంటి చికిత్స వైద్యవృత్తికి విరుద్ధమని చెప్పింది. చదువుకున్న పెద్దమనిషి ఒకరు ‘నాకు తెలియదు, నేర్చుకుంటాను’ అని నలుగురిలో అనగలగడం నా దృష్టిలో ఆ తీర్పంత గొప్ప సంగతి.

అదే కోర్టు 2025 మేలో ఇంకో కేసు విన్నది. స్నేహితురాలి నుంచి విడదీసి ఇంటివాళ్లు నిర్బంధించిన యువతి కేసు. కుటుంబమంటే పెళ్లితోనే ఏర్పడనక్కర్లేదని, మనసు కలిసినవాళ్లు తమ కుటుంబాన్ని తామే ఎంచుకోవచ్చని చెప్పి న్యాయమూర్తులు ఆమెను విడిపించారు. ఆ యువతి తల్లి గురించి మాట్లాడుతూ, అందరు తల్లిదండ్రులూ జస్టిస్ లీలా సేఠ్‌లా ఉండరన్నారు. దేశంలో ఒక హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి లీలా సేఠ్. స్వలింగ సంబంధాలు నేరమేనని 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు తిరిగి తేల్చినప్పుడు, రచయిత విక్రమ్ సేఠ్ తల్లిగా తన కొడుకు నేరస్థుడెలా అవుతాడని పత్రికలో రాశారామె.

నిజమే, అందరూ లీలా సేఠ్ కాలేరు. ఆమెకు చదువుంది, హోదా ఉంది, ఆమె మాటకు దేశంలో విలువుంది. జనగామ పక్క ఊళ్లో ఉన్న తల్లికి ఏముంది? తోడికోడలు, ఎదురింటావిడ, పెళ్లి సంబంధాలు చూసే పెద్దమనిషి, పొదుపు సంఘం ఆడవాళ్లు. ఆమె లోకమంతా వాళ్లే. వాళ్ల నోట ఒక్క మంచిమాట కూడా వినకుండా ఆమె తన బిడ్డ పక్షాన నిలబడాలనడం అన్యాయం. బహిరంగంగా మద్దతు తెలపడం అవసరమని నేననడానికి కారణం ఇదే. ఆ మద్దతు జెండా పట్టుకుని నడిచేవాళ్లకంటే ముందు ఆ తల్లికి కావాలి.

‘2018లో సుప్రీంకోర్టు నేరం కాదని చెప్పేసింది కదా, ఇంకా ఈ ఊరేగింపులెందుకు? పడకగది విషయం వీధిలోకి ఎందుకు?’ అని అడిగేవాళ్లున్నారు. మరి మన పెళ్లిళ్లు ఎక్కడ జరుగుతున్నాయి? వీధికి అడ్డంగా షామియానా, కూడలిలో వధూవరుల ఫ్లెక్సీ, బరాత్, డీజే. ఊరంతా చూడాలనే కదా. ప్రేమను నలుగురి ముందు చెప్పుకోవడం మనకు పండగ. వీళ్లు అలాగే నడిస్తే రోత అనడం సబబు కాదు. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ నడక 2013 ఫిబ్రవరిలో జరిగింది. అదే ఏడాది చివర్లో కోర్టు వాళ్లను మళ్లీ నేరస్థుల్ని చేసింది. అయినా వాళ్లు నడక మానలేదు.

పెళ్లి హక్కు కోసం వేసిన కేసులో మొదటి పేరు హైదరాబాద్‌లో కలిసి బతుకుతున్న సుప్రియో, అభయ్ జంటదే. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కాదంది. అయితే ఆ ఏడాది ఏప్రిల్‌లో, వాదనలు నడుస్తుండగా, ‘స్వీకార్’ అనే బృందంలోని నాలుగు వందలకు పైగా తల్లిదండ్రులు తమ పిల్లల పెళ్లిళ్లు చూడాలని ఉందంటూ ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. వాళ్లూ ఒకప్పుడు నలుగురికి జడిసినవాళ్లే అయి ఉంటారు. ఒకరికొకరు దొరికాక జడుపు తగ్గింది.

నగరంలో ఏదో ఒక గది దొరుకుతుంది. జగిత్యాలలో, నరసరావుపేటలో, పార్వతీపురంలో ఇంటర్ చదివే పిల్లకో పిల్లాడికో ఏ గది ఉంది? ఆ మధ్య బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ఎవరో ట్రాన్స్ మహిళల మీద వెకిలి మాటొకటి విసిరితే, వడ్డిస్తున్న పెద్దావిడ గరిటె ఆపి ‘అలా అనకురా, ఎవరింట్లో ఏ బిడ్డ వింటుందో’ అంది. స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షను గురించి ఆవిడకు తెలియదు. అలాంటి మాట కాలేజీలో ఒక లెక్చరరు పాఠం మధ్యలో అనాలి. తల్లిదండ్రులు బిడ్డను లాక్కొచ్చి ‘వీడికి మందివ్వండి’ అన్నప్పుడు ఊరి డాక్టరు, ఇది జబ్బు కాదని వాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. పద్దెనిమిది నిండిన అమ్మాయి ఇంటికి పోనంటే, స్టేషనులో ఎస్సై ఆమెను విడిగా పిలిచి ఎక్కడికి వెళ్తావని అడగాలి, అక్కడికే పంపాలి.