నీ మాట నువ్వే చెప్పాలి

చిట్టీ,

ఈ ఉత్తరం ఫోనులో పంపడం ఇష్టంలేక, అక్కడికి తిరిగొస్తున్న సుజాత కొడుకు చేతికిచ్చాను. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు ఇమ్మన్నాను. చదివాక దాచుకోకు, చింపెయ్యి.

వీడియో కాల్లో ఏమడిగినా ముందు పక్కకి చూసి, తర్వాత జవాబు చెబుతున్నావు. ఎందుకని అడగను. నా సంగతి చెబుతాను.

నా ఎడమ చెవి చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని కదా మీరంతా విన్నది. అలా చెప్పమన్నది మీ అమ్మమ్మే. అది పోయింది ఖరగ్‌పూర్‌లో, మీ పెదనాన్న చేతి దెబ్బకి. పెళ్లయిన కొత్తలో పలాసలో రైలెక్కి వెళ్లాను. రైల్వే క్వార్టర్లలో ఎటు చూసినా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే. అంతమంది మనవాళ్లుండగా భయమేమిటన్నాడు నాన్న. ఆ మనవాళ్లలో ఒకావిడ నా మొహానికి పసుపు రాసి, ఎవరైనా అడిగితే పడ్డానని చెప్పమంది. ఇంకో పెద్దాయన, ‘బెంగాలీల ముందు మన పరువు తియ్యకమ్మా’ అన్నాడు.

ఓసారి తెగించి ఠాణాకి వెళ్లాను. నాకు బెంగాలీ రాదు, హిందీ అంతంతమాత్రం. వెనకే మీ పెదనాన్న వచ్చాడు. వాళ్లు నన్నడిగిన ప్రతిదానికీ ఆయనే గడగడా బెంగాలీలో జవాబు చెప్పాడు. ఏం చెప్పాడో గాని అందరూ నవ్వారు. ఆయన పక్కనే నడిచి ఇంటికొచ్చాను. చెవి పోయింది ఆ రాత్రే. ఆయన పోయినప్పుడు నా కంట నీరు రాలేదని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది.

నువ్వున్న బ్రిటన్‌లోనే కిరణ్‌జీత్ అహ్లువాలియా అని ఒక పంజాబీ ఆవిడ ఉంది. ఐశ్వర్యా రాయ్ ‘ప్రొవోక్డ్’ సినిమా ఆవిడ కథే. పెళ్లిచేసుకుని వెళ్లి పదేళ్లు దెబ్బలు తింది. ఇంట్లోవాళ్లకి చెప్పుకుంటే పరువు కోసం సర్దుకోమన్నారు. 1989లో నిద్రపోతున్న మొగుడికి నిప్పంటించింది. అతను చచ్చిపోయాడు, ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే ఆడవాళ్ల సంస్థ ఆమె కోసం పోరాడితే 1992లో బయటికొచ్చింది. అంతదాకా పోనిచ్చింది ఎవరంటావు?

కాలం మారిందంటారు. పెళ్లిచూపుల్లో కుర్రాడి ప్యాకేజీ అడుగుతున్నారు, వీసా అడుగుతున్నారు, కోపమొస్తే ఏం చేస్తాడని ఒక్కరూ అడగరు. అక్కడ ఉగాదికి హాలు తీసుకుని పట్టుచీరల్లో ఫొటోలు దిగేవాళ్లే, ఆడపిల్ల ఏడిస్తే ‘తెల్లవాళ్లకి మనం చులకనైపోతాం’ అంటారు. చదువుకున్న పిల్ల, నోరెందుకు విప్పలేదని అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల వీసా అతని ఉద్యోగం మీద ఉంది. డబ్బు అతని ఫోనులో ఉంది. ఇక్కడ చెల్లెలి పెళ్లి కావాలి. నోరు విప్పితే పోయేదంతా ఆమెదే.

ఇక విను. అక్కడ పోలీసులైనా, డాక్టరైనా తెలుగు దుబాసీని అడుగు. నీకు ఇంగ్లీషు వచ్చు, కానీ ఏడుపులో రాదు. నీ మొగుణ్ని గాని, అతని స్నేహితుల భార్యల్ని గాని నీ తరఫున మాట్లాడనివ్వకు. ప్రాణం మీదికొస్తే 999. నోరెత్తలేని పరిస్థితయితే సెల్లు నుంచి ఆ నంబరు చేసి, అడిగినప్పుడు 55 నొక్కు, పోలీసులకి కలుపుతారు. నువ్వెక్కడున్నావో దానంతట అది చెప్పదు, అది మాత్రం ఎలాగోలా తెలియజెయ్యాలి. సలహాకి 0808 2000 247, రాత్రీ పగలూ ఉంటారు, ఖర్చు లేదు. నీ ఫోను నుంచి చెయ్యకు.

2024 ఫిబ్రవరి నుంచి ఉద్యోగుల మీద డిపెండెంటుగా వెళ్లిన భార్యలు కూడా, హింస వల్ల కాపురం తెగిపోతే, మూడు నెలలు విడిగా ఉండే అనుమతి, సర్కారు సాయం అడగొచ్చు. కానీ అది తీసుకుంటే ఇప్పుడున్న వీసా పోతుంది, డిపెండెంట్లకి దానివల్ల శాశ్వత నివాసం రాదు. అందుకని ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడు, ఆ తర్వాతే సంతకం. నీ ఈ-వీసా ఎవరి మెయిలుతో తెరుచుకుంటుందో చూసుకో.

పండక్కి ఇండియా వెళ్దామంటే, పాస్‌పోర్టు నీ బ్యాగులో లేకుండా కదలకు. భార్యని పుట్టింట్లో దింపి, పాస్‌పోర్టుతో సహా తిరుగు విమానమెక్కిన మొగుళ్లున్నారు. నువ్వే వచ్చేస్తానంటే రా. తలదాచుకున్న చోటే మొగుడి వేధింపుల మీద కేసు (అప్పటి 498-ఏ) పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. టికెట్టుకి నా పెన్షను ఖాతాలో డబ్బుంది. చెల్లి సంబంధం సంగతి మీ అమ్మానాన్నలతో నేను తేల్చుకుంటాను.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి నేను పంపిన మాగాయ ఎలా ఉందని అడుగుతాను. బాగుందంటే ఉత్తరం చదివావనుకుంటాను. ఉప్పెక్కువైందంటే సుజాత కొడుకు ఆ రాత్రే కారు తీసుకుని వస్తాడు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, మందులు ఒక్క సంచిలో పెట్టుకుని ఉండు.

మీ పెద్దమ్మ