గంప దించిన చోట

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 26:1-11



కోత పండుగ దగ్గర పడుతున్నది. ఆ ఆదివారము మన సంఘాలలో ఎలా ఉంటుందో మనకందరికీ తెలిసినదే. వేదిక ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, బియ్యపు సంచులు, ఎవరో కాళ్లు కట్టి తెచ్చిన ఒక కోడిపుంజు. ఆరాధన కాగానే వేలము పాట. యాభై రూపాయల గుమ్మడికాయ అయిదు వందలకు పోతే అందరము చప్పట్లు కొడతాము. దానిలో తప్పేమీ లేదు. కాని ఆ గుమ్మడికాయ ముందురోజు సాయంత్రము మార్కెట్లో కొన్నదే గదా! బెంగుళూరులో, చెన్నైలో, ముంబైలో మనకు పొలమెక్కడిది? నెల జీతము మీద బ్రతికేవారికి ప్రథమ ఫలమంటే ఏమిటి?

మన పిల్లలలో కొందరు మొదటి నెల జీతము కవరు విప్పకుండా తెచ్చి కానుక సంచిలో వేస్తారు. సంతోషము. అయితే మోషే గంప ఒక్కటే చాలదన్నాడు. గంప యాజకుని చేతికిచ్చిన తరువాత ఆ రైతు నోరు విప్పి చెప్పవలసిన మాట ఒకటున్నది. అది వర్షము బాగా పడిందనీ, ఇన్ని బస్తాలు పండాయనీ చెప్పే మాట కాదు. తన పితరుడు నిలువ నీడ లేక తిరిగిన అరామీయుడనీ, కొద్దిమందితో ఐగుప్తుకు పోయి పరవాసిగా బ్రతికాడనీ, అక్కడ నలిగిపోయి మొరపెడితే దేవుడు విన్నాడనీ చెప్పాలి. సొంత పొలములో పండినది చేతిలో పెట్టుకొని, నలుగురి ఎదుట, మావాడు దిక్కులేనివాడని చెప్పడము సుళువు కాదు. మనలో ఎంతమందిమి చెప్పగలము? పిల్లల పెండ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు మన తాత ఏ పని చేశాడో ఎంత నేర్పుగా దాటవేస్తామో ఒకసారి జ్ఞాపకము చేసుకుందాము.

మన పెద్దలు కొందరు కోలారు బంగారు గనులకు వచ్చారు. కొందరు ముంబై బట్టల మిల్లులకు, కట్టడపు పనులకు పోయారు. పర్లాకిమిడి వైపు వారి సంగతి వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు వారు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలింది. రాత్రి పడుకొని తెల్లవారి లేచేసరికి పరవాసులయ్యారు.

ఇంకా వెనక్కి పోతే, మన తెలుగు బాప్తిస్టు సంఘాల తొలి దినాలలోనే ఒక గంప ఉన్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలు. జనము తట్టలతో మట్టి మోశారు, పని ఆగిన వేళ గట్టు మీద కూర్చొని వాక్యము విన్నారు. బాప్తిస్మము ఇమ్మని అడిగితే, కూడు కోసము వచ్చారన్న మాట రాకూడదని ఆయన చాలా నెలలు ఆపారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్య మనకు ఆదివారపు బడి నుండి కంఠతా వచ్చు. ఆ తట్టలను మాత్రము మరచిపోయాము. పని, అన్నము, విశ్వాసము మనవారికి ఒకే కాలువ గట్టు మీద దొరికాయి. ఇది దేవుని కొరకు, ఇది పొట్ట కొరకు అని వారు విడదీయలేదు.

మన సంఘాలలో కృతజ్ఞత కానుకల జాబితా చదువుతారు గదా. వీసా వచ్చినందుకు, ప్రమోషను వచ్చినందుకు, అబ్బాయికి సీటు దొరికినందుకు, ఆపరేషను జయప్రదమైనందుకు. అన్నీ తగినవే. కాని ఇన్నేండ్లలో, ఇంటాయన సాయంకాలము పనినుండి తిరిగి వచ్చినందుకు అని ఒక్కరు వ్రాసిన చీటీ మేము చూడలేదు.

గనుల ఊరిలో పెరిగిన ఒక ముసలి తల్లి మాతో చెప్పిన సంగతి ఇది. భూమి లోపల బండ పగిలినప్పుడు పైన ఇండ్లు కదిలేవి, అటక మీది గిన్నెలు దొర్లి క్రింద పడేవి. అప్పుడు ఆడవారు గిన్నెలు ఏరుకొనేవారు కాదు. ఈ షిఫ్టులో ఎవరెవరు దిగారని వ్రేళ్ల మీద లెక్క పెట్టుకొనేవారు. కొంతసేపటికి వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించేది. ఆ రాత్రి సంగటి ముందు వాళ్ల నాన్న చేసే ప్రార్థన నాలుగు మాటలే. ఒక్కోసారి ఆ నాలుగూ చెప్పలేక ఆగిపోయేవాడట. నూట ఇరవై ఎనిమిదవ కీర్తనలో బల్ల చుట్టూ భార్యాబిడ్డలు కూర్చున్న దృశ్యమున్నదే, చేతుల కష్టము తినడమే దీవెన అంటుందే, అది ఆ తల్లికి ఎవరూ వివరించనక్కరలేదు. మనము టీవీ ముందు పళ్లెము పెట్టుకొని, కండ్లు మూసీ మూయక ముగించే ప్రార్థన గురించి ఇక వేరే చెప్పాలా?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. పని పోయిన ఒక సహోదరుని ఇంటికి ఆ రోజులలో మేము వెళ్లాము. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో అయిదవ అధ్యాయము తెరిచి, అన్నిటికీ వందనము చెప్పవలెనని బోధించి, ప్రార్థన చేసి వచ్చాము. ఆయన ఏమీ అనలేదు. ఆ తరువాత మూడు నాలుగు వారాలు గుడికి రాలేదు. పౌలు ఆ మాట అలా అననే లేదు. ఏ స్థితిలో ఉన్నా, ఆ స్థితిలోనుండే దేవునికి స్తుతి చెప్పమన్నాడు గాని, పని పోయినందుకు స్తుతించమనలేదు. మేము ఒక చిన్న మాట మార్చి, దెబ్బ తిన్నవాని మీద ఇంకొక బరువు పెట్టాము.

ఆ సహోదరుడు తరువాత బెంగుళూరులో కాపలా పని చూసుకొని, తెల్లవారక ముందు మారికుప్పములో రైలెక్కి, చీకటి పడ్డాక దిగేవాడు. చాలా ఏండ్లకు ఒకసారి మాతో అన్నాడు: “అయ్యగారూ, ఆ రోజు మీరు చదివినదానికి నాకు వందనము రాలేదు. మీరు వచ్చి మా చాప మీద కూర్చున్నారు చూడండి, దానికి వచ్చింది. రైల్లో టిఫిను డబ్బా మూత తీసేటప్పుడు కూడా వస్తుంది. నాలుగింటికి లేచి కట్టిస్తుంది గదా ఆమె!”

మన వాక్యభాగము పదకొండవ వచనములో ఇంకొక సంగతి చెబుతున్నది, దానిని మనము తరచుగా చదవకుండా వదిలేస్తాము. పండుగనాటి సంతోషములో ఇంటివారితోపాటు లేవీయుడూ ఉండాలి, ఆ ఊరిలో బ్రతకవచ్చిన పరదేశీ ఉండాలి. తాను పరవాసి బిడ్డనని ఇప్పుడే నోటితో ఒప్పుకొన్నవాడు, వాకిట ఉన్న పరవాసిని వదిలి ఎలా తింటాడు?

మా గుడికి అర కిలోమీటరు దూరములో పెద్ద అపార్టుమెంటు లేస్తున్నది. దాని వెనుక రేకుల షెడ్లలో ఉన్నవారు పాలమూరు, కర్నూలు వైపునుండి వచ్చినవారు. మన తాతలు మాట్లాడిన తెలుగే వారిది. ఆ తెలుగు విని మన పిల్లలు నవ్వుతున్నారు. ఆ కుటుంబాలలో ఇద్దరు ముగ్గురు ఆదివారము వచ్చి చివరి బెంచీలో కూర్చుంటారు, కానుక సంచి తమ వరుసకు రాకముందే లేచి వెళ్లిపోతారు. అది మేము చాలా కాలము చూస్తూనే ఉన్నాము, ఎందుకని అడగలేదు.

ఈ సంవత్సరము మా సంఘములో వేలము పాట మానడము లేదు, పిల్లలు ఒప్పుకోరు. కాని పాటకు ముందు ప్రతి కుటుంబమునుండి ఒకరు లేచి మూడు సంగతులు చెప్పాలని పెద్దలు తీర్మానించారు. మావారు ఏ ఊరినుండి వచ్చారు, ఏ పనికి వచ్చారు, ఇక్కడ మొదటి అన్నము ఎవరింట తిన్నారు. తెలియనివారు ఇంటిలోని ముసలివారిని అడిగి తెలుసుకొని రావాలి. అడగడానికి ఇంక ఎవరూ మిగలని ఇండ్లు కొన్ని ఉన్నాయి, ఆలస్యము చేసింది మనమే.

షెడ్ల దగ్గరకు ఇద్దరు డీకనులు వెళ్లి పిలిచి వచ్చారు. ఒక తల్లి, “మా కాడ తేనీకి ఏముందయ్యా, మట్టి తట్టలు తప్ప?” అన్నదట. ఏమి తేనక్కరలేదమ్మా, మీ ఊరి పేరు చెప్పండి చాలు, అన్నారు మనవారు. భోజనము ఒంటిగంటకు. ఈసారి ఆకులు పోయినేటికంటె నలభై ఎక్కువ తెప్పించవలెను.