దయ, హక్కు, వంతు

“మా కార్పొరేటరు మాకు రోడ్డు వేయించాడు.” దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు ఏ కాలనీలో ఎవరిని పలకరించినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినబడుతుంది. తెలుగు పాఠం చెప్పుకునే వాణ్ణి కావడం చేత నా దృష్టి ముందుగా ఆ క్రియ మీద పడింది. ‘వేశాడు’ అనలేదు, ‘వేయించాడు’ అన్నారు. ప్రేరణార్థకం. ఈ వాక్యంలో వేయించిన పెద్దమనిషి ఉన్నాడు, ఫలితం అనుభవించే ‘మేము’ ఉన్నాము. మండుటెండలో వేడి తారు మోసిన కూలీ లేడు. ఆ తారుకు సొమ్ము చెల్లించిన జనమూ లేరు. ఇద్దరిని మరుగుపరచి ఒకరిని నిలబెట్టిన ఆ చిన్న ప్రత్యయం వెనుక ఒక నీతి ఉంది. నీరు, దీపం, బాట, మోరీ - ఇవి ఎవరో చూపే దయా? మనకు రావలసిన హక్కా? లేక ఈ రెంటిలోనూ ఇమడని మరొకటా? ఇది పురపాలక శాఖవారు తేల్చుకోవలసిన విషయం, సాహిత్యజీవులకెందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. నీతిశాస్త్రానికి నల్లా దగ్గర ఎదురయ్యేంత గట్టి పరీక్ష గ్రంథాలయంలో ఎదురు కాదని మాత్రం వారికి మనవి చేస్తాను.

ముందు దయ సంగతి చూద్దాం. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం మన శాసనాలకు సొంత భాష. తటాకం, వనం, దేవాలయం, అగ్రహారం, నిధి, కృతి, పుత్రుడు అని సప్తసంతానాలను లెక్కపెట్టిన కాలంలో చెరువు ప్రజల అవసరమే గాక దాతకు పుణ్యసాధనం కూడ. కాకతీయుల నాటి రామప్ప, పాకాల వంటి తటాకాలు ఎన్ని తరాలకు అన్నం పెట్టాయో కాదనేవారు లేరు. ఐతే తవ్వించినవాని వంశావళి రాతి మీద నిలిచింది. తట్ట మోసినవాని పేరు మట్టిలో కలిసింది. ఆధునిక కాలానికి వచ్చినా ఈ పద్ధతి మారలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. వేలాది మంది మరణించారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలను అనుసరించి నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో పూర్తయిన దానికి నవాబు పేరు, 1927లో పూర్తయిన దానికి నవాబు కుమారుని పేరు పెట్టారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చేసిన మేలు నిజం. ప్రభువు ఇచ్చాడు, ప్రజ పుచ్చుకుంది అన్న సంబంధమూ అంతే నిజం. దయ మంచి చేయవచ్చు. జవాబు మాత్రం చెప్పదు. ఇచ్చినవాణ్ణి “ఇంతేనా?” అని అడిగితే కృతఘ్నుడన్న పేరు వస్తుంది.

రాచరికం పోయింది గాని ఆ సంబంధం పోలేదనడానికి దూరం వెళ్ళనక్కరలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హయత్‌నగర్ ప్రాంతంలో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వర్షం కురిసింది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల ఉన్న కాలనీలూ బస్తీలూ రోజుల తరబడి నీటిలో నానాయి. నష్టపోయిన కుటుంబానికి 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నవంబరులో మీసేవా కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచి ఆడవాళ్ళు బారులు తీరారు. నగరపాలక సంస్థకు ఎన్నికలు వచ్చిపడ్డాయి. నియమావళి అడ్డు వచ్చిందని నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీని ఆపించింది. ఆపిన వారిని నేను తప్పుపట్టడం లేదు, ఎన్నికల వేళ సొమ్ము పంచడం న్యాయమని వాదించడమూ లేదు. నా ప్రశ్న వేరు. వరద వచ్చిన తేదీ అందరికీ తెలుసు. ఏ ఇంట్లో ఎంత ఎత్తు నీరు నిలిచిందో గోడ మీద గీత చెబుతుంది. ఐనా సహాయం ఎందుకు ఎన్నికల తేదీకి చిక్కుకుంది? అది చెల్లించవలసిన బాకీగా కాక పంచిపెట్టే కానుకగా ఉండిపోవడమే కారణం. మన కార్యాలయాల భాషలో ఆ వరుసలో నిలబడ్డ మనిషి పేరు ‘లబ్ధిదారు’. పౌరుడన్న మాట ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

కనుక హక్కు కావాలి. ఆ మాటకు రాజ్యాంగబలం ఉంది కూడ. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ సవరణ పట్టణ పాలనను ప్రజలు ఎన్నుకున్న సంస్థల చేతిలో పెట్టాలని ఆదేశించింది. నీటి సరఫరా, పారిశుధ్యం, రోడ్లు, మురికివాడల అభివృద్ధి మొదలైన 18 విషయాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలన్నది. కాగితం మీద ఇంతకంటె కోరవలసింది లేదు. మరి ఆచరణలో? 2007 ఏప్రిల్ 16న ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం సహా 12 పురపాలక సంఘాలనూ 8 గ్రామ పంచాయతీలనూ హైదరాబాదు నగరంలో కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పరిచారు. పెద్ద సంస్థకు పెద్ద నిధులుంటాయి, నిజమే. ఐతే మన మోరీని గురించి తేల్చే సభ ఆనాటితో మన ఊరి నుంచి కదిలి దూరమైంది. 2025 చివరిలో మరో 27 పట్టణ సంస్థలను కూడ కలుపుతూ నిర్ణయం చేశారు. హద్దులు ఎన్నిసార్లు గీసినా “మీ వీధికి ఏది ముందు కావాలి?” అని వీధిని అడిగినవారు లేరు. 2020 డిసెంబరు 1న జరిగిన ఎన్నికలలో సగం మంది కూడ ఓటు వేయలేదు. ఉదాసీనత అని పత్రికలు వాపోయాయి. ఇందులో మన పాలూ ఉంది. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందని అధ్యాపక మిత్రులను అడగాలనుకుంటాను. నేను కూడ ఆ ప్రశ్న చాల కాలం ఎవరినీ వేయలేదు.

హక్కు అన్నప్పుడు మరొక చిక్కు ఉంది. ఎవరి హక్కు? “పన్ను కట్టేవాళ్ళం మేము” అని మా కాలనీలలో తరచు వినబడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ సందులలో ఒక్కొక్క హాస్టలు గదిలో నలుగురైదుగురు చొప్పున నల్లగొండ, ఖమ్మం, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన యువకులు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ ఏళ్ళు గడుపుతున్నారు. వారి ఓటు ఊళ్ళో ఉంది. ఇంటి పన్ను రసీదు యజమాని పేర ఉంది. 2021లో ఇళ్ళకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితమన్న పథకం మొదలైనప్పుడు అది నల్లా కనెక్షను ఉన్న ఇంటికి చేరింది గాని, ట్యాంకరు నీటిని అద్దెలో భాగంగా కొనుక్కుంటున్న ఈ కుర్రవాడికి చేరలేదు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడే వలస కూలీ గతీ ఇంతే. కాని ఇంటి యజమాని కట్టే పన్ను ఎక్కడి నుంచి వచ్చింది? ఆ నలుగురి అద్దెలోంచి. కూలీ కొనుక్కున్న సబ్బు బిళ్ళ మీద కూడ పన్ను ఉంది. చెల్లించేవాడు ఒకడు, రసీదు పుచ్చుకునేవాడు మరొకడు. హక్కును రసీదుకు ముడిపెడితే అది ఆస్తికి మరో పేరవుతుంది.

ఇంతవరకు చెప్పినది అభ్యుదయ పాఠకులకు కొత్త కాదు. నాకు కష్టమైన ప్రశ్న దీని తర్వాత మొదలయింది. అది నా చేతి రాతతోనే మొదలయింది.

మా కాలనీ కొంచెం ఎత్తున ఉంది. ఐనా మా వీధి మలుపులో ప్రతి వానకూ మోకాటి లోతు నీరు నిలిచేది. 2018లో కాలనీ సంక్షేమ సంఘంవారు అర్జీ పెట్టదలచి, “మీరు తెలుగు సారు కదా, మీరే రాయండి” అన్నారు. రాశాను. దయ అడగలేదు, రాజ్యాంగాన్ని, పన్నెండవ షెడ్యూలును ఉదహరించి హక్కుగా అడిగాను. అర్జీ బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నాలుగైదు నెలలు తిరిగాక వాన నీటి పైపు వచ్చింది. ఈసారి మావాళ్ళు ‘వేయించాడు’ అనలేదు, ‘వేయించుకున్నాం’ అన్నారు. ఆ మార్పుకు నేను గర్వపడ్డాను.

2020 అక్టోబరులో మా వీధిలో నీరు నిలవలేదు. వారం తర్వాత కళాశాలలో ఒక విద్యార్థిని కనబడింది. చెరువు శిఖానికి దగ్గరలో ఉన్న ఒక బస్తీ అమ్మాయి. పదవ తరగతి మొదలు అన్ని సర్టిఫికెట్లూ తడిసి ముద్దయ్యాయని, నకళ్ళకు సంతకం కావాలని వచ్చింది. సంతకం చేస్తూ ఓదార్పు మాటలేవో చెప్పాను. ఆమె కాసేపు ఊరకుండి, “సార్, మీ కాలనీ పైపు తెచ్చి మా ఇంటెనక మోరీల ఇడిచిన్రు. మీకు ఎర్క లేదా?” అని అడిగింది.

నాకు ఎర్క లేదు. పైపు ఎక్కడ మొదలు కావాలో అర్జీలో స్పష్టంగా రాశాను. ఎక్కడ ముగియాలో రాయలేదు.

ఆ బస్తీని ముంచింది మా పైపు ఒక్కటే కాదని నన్ను నేను సమర్థించుకోవచ్చు. మీర్‌పేట వైపు గొలుసుకట్టు చెరువులన్నీ పొంగి సరూర్‌నగర్ చెరువులోకి దిగాయి, నాలాలు ఇరుకైనాయి, శిఖం భూములు ప్లాట్లయ్యాయి. ఇదంతా వాస్తవం. ఐతే ఆ అమ్మాయి అడిగింది ఇంజనీరింగు ప్రశ్న కాదు. నా హక్కు నెరవేరినప్పుడు దాని బరువు ఎవరి గుమ్మంలో దిగిందో చూశావా అని అడిగింది. కాలనీ తన హక్కు తాను, అపార్టుమెంటు తన హక్కు తాను విడివిడిగా సాధించుకుంటే, గొంతు పెద్దదైనవాని నీరు గొంతు లేనివాని ఇంట్లోకి పోతుంది. మధ్యతరగతి హక్కు ఈ విధంగా, తనకు తెలియకుండానే, దోపిడికి పనిముట్టు కాగలదు.

ఇక్కడ మన పల్లెలకు తెలిసిన ఒక మాట గుర్తు చేసుకోవాలి: ‘వంతు’. చెరువు కింద సేద్యంలో నీరటివాడు తూము విప్పి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో వంతు పెట్టేవాడు. పై మడివాడు తన నీరు తీసుకున్నాక కింది మడికి వదలాలి. నీరు ఒక్కటే కనుక ఎవరి హక్కూ విడిగా నిలబడదన్నది అందులోని నీతి. ఆ పాత ఏర్పాటును నేను కీర్తించబోవడం లేదు. దొర మడికే ముందు తడి అందేది. భూమి లేనివానికి వంతే లేదు. దళితవాడకు చెరువు రేవు కూడ దక్కలేదు. వంతు అనే భావం మంచిది, వంతు పెట్టే అధికారం ఎవరిది అన్న దగ్గర అది కుళ్ళిపోయింది. ఆ అధికారాన్ని జనం చేతికి తేవడమే మనకు మిగిలిన పని.

ఇది ఊహాలోకపు మాట కాదు. 1871లో పారిస్ కమ్యూన్ తన సభ్యులకు కార్మికుని జీతం మించనీయక, వారిని ఎప్పుడైనా వెనక్కు పిలిచే హక్కును ఓటర్లకు ఇచ్చింది. 1919 తర్వాత వియెన్నా నగరంలో సోషలిస్టు పాలకమండలి పెద్ద భవనాల మీద పెద్ద పన్ను వేసి, 1934లో దాన్ని కూలదోసేలోగా కార్మికులకు 60,000కు పైగా ఇళ్ళు కట్టింది. మనకు దగ్గరలో కేరళ 1996లో ప్రణాళికా నిధులలో మూడో వంతుకు మించి స్థానిక సంస్థలకు వదలి, ఏ పని ముందో గ్రామసభలు, వార్డు సభలు తేల్చే పద్ధతి పెట్టింది. లోపాలు ఎక్కడ లేవు? ఐనా ఈ మూడింటిలోనూ ‘లబ్ధిదారు’ కూర్చుని లెక్క అడిగాడు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. “వంతు అంటే పాలకులకు మంచి సాకు దొరుకుతుంది. నీ వంతు రాలేదు, ఆగు అని పేదవాడికే చెబుతారు.” ఆక్షేపణ సరైనదే. కాబట్టి వంతు ఎక్కడ నుంచి మొదలు పెట్టాలో కూడ చెప్పాలి. వరద నీటికి పల్లంలో ఉన్నవాడు మొదటివాడు. తాగునీటికి గొట్టం చివరన ఉన్నవాడు మొదటివాడు. ఏ వీధికి ఏ పని మంజూరైనా, దాని ఖర్చుతో పాటు దాని నీరు ఎవరి గడపకు పోతుందో రెండు వీధులలోనూ బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టాలి. నీరు ఎప్పుడు వస్తుందన్న సందేశం కనెక్షను ఉన్నవాని ఫోనుకే గాక హాస్టలు గోడకూ, బస్తీ మొగదలకూ చేరాలి. వార్డు సభలో కిరాయిదారుకూ మాట ఉండాలి. ఇవి విప్లవాలు కావు. కాని వీటిని అడగడానికి మనం ముందు మన వీధి దాటాలి.

ఆ అమ్మాయి వెళ్ళిపోయిన నెలలో నేను రెండో అర్జీ రాశాను. పైపును బస్తీ వెనుక వదలకుండా పెద్ద నాలా వరకు పొడిగించాలని అందులో కోరాను. మొదటి అర్జీ మీద మా కాలనీలో డెబ్బై రెండు సంతకాలు పడ్డాయి. రెండవ దాని మీద పదకొండు. “మన పని అయిపోయింది కదా సార్” అన్నారు ఒక పెద్దాయన, కోపం లేకుండా, నిజంగానే ఆశ్చర్యపడి. ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్ళ క్రితం నేనూ ఆయనలాగే ఆలోచించాను. ఆ పదకొండు సంతకాల కింద బస్తీవారు నూట నలభై సంతకాలు, వేలిముద్రలు చేర్చారు. ఒకే కాగితం మీద ఆ రెండు వీధుల పేర్లు కలవడం అదే మొదటిసారి. పైపు పొడిగింపు పని కొంత జరిగింది, కొంత మిగిలింది. మిగిలినదాని కోసం రెండు వీధులూ కలిసే తిరుగుతున్నాయి.