ఇరుసు మీద ఎంత?

కొత్త బండి కొన్నవాడు దాన్ని ముందు గుడికి తోలుకొస్తాడు. బానెట్ మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు, ఎదురుగా కొబ్బరికాయ, పగలగొట్టడానికి గుమ్మడికాయ. పూజారి యజమాని పేరు అడుగుతాడు, గోత్రం అడుగుతాడు. బండి ఎంత బరువు మోస్తుందని మాత్రం అడగడు. ఆ సంగతి బండికి కొట్టిన ఒక చిన్న రేకు మీద అంకెల్లో ఉంటుంది. పూజ రోజున దాన్ని ఎవరూ చదవరు. ఆ తర్వాత కూడా చదవరనుకోండి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి మోతల దారి. మిరప బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు వస్తుంటాయి. జామాయిల్, సుబాబుల్ కర్ర గోదావరి ఒడ్డున సారపాకలోని కాగితం మిల్లుకు పోతుంది. ఆయిల్ పామ్ గెలలు అశ్వారావుపేట ఫ్యాక్టరీ వైపు సాగుతాయి. నాలుగు డబ్బులు కూడబెట్టి సొంత బండి మీద బతకాలనుకునే ప్రతివాడికీ ఇక్కడ ఒకటే తర్జనభర్జన. టాటా ఏస్ లాంటి చిన్నది తీసుకోవాలా, బొలెరో పికప్ లాంటి గట్టిదా, లేక ఉన్న ట్రాక్టర్‌కే ట్రాలీ తగిలించుకోవాలా? అమెరికాలో పడవనో క్యాంపర్‌నో లాగే బండి కొనాలనుకునే తెలుగువాడికీ ఇదే తంటా: హాఫ్ టన్ పికప్పా, హెవీ డ్యూటీయా? హాఫ్ టన్ అంటే ఒకప్పుడు వెయ్యి పౌండ్లు మోసే బండి అని అర్థం. ఇప్పటి హాఫ్ టన్ బండ్లు అంతకు చాలా ఎక్కువే మోస్తాయి. బరువు పెరిగింది, పేరు అక్కడే ఉండిపోయింది.

పైకిది బేరం లెక్క. కొంచెం లోపలికి తొంగిచూస్తే పాత ధర్మసందేహమే కనిపిస్తుంది. మనిషికి ఎంత బలం చాలు? అవసరానికి మించిన బలం దగ్గరుంచుకోవడం ముందుచూపా, ఆశా? శక్తికి మించి ఎత్తితే ఆ దోషం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చినవాళ్లు జైనులు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయం అహింసా వ్రతానికి ఐదు అతిచారాలు, అంటే వ్రతం మీరే తప్పులు, చెబుతుంది: కట్టేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, అతిభారం మోపడం, తిండీ నీళ్లూ ఆపేయడం. బరువెక్కించడం అక్కడ కొరడా దెబ్బ పక్కనే కూర్చుంది. అదేదో పొరపాటు లెక్కలోనో, లోభం లెక్కలోనో పడలేదు, నేరుగా హింస లెక్కలో పడింది. పైగా ఈ మాట అన్నీ వదిలేసిన మునికి చెప్పింది కాదు, అణువ్రతాలు పట్టిన గృహస్థుకు చెప్పింది. ఆ గృహస్థుల్లో వర్తకులు ఎందరో. వాళ్ల సరుకు ఎద్దుల వీపు మీదే ఊళ్లు దాటేది. అంటే సూత్రం వాళ్ల లాభం మొదలయ్యే చోటే వేలు పెట్టింది.

ఆ సూత్రం ఆధునిక భారతంలో సర్కారు కాగితంగా కూడా పుట్టింది. 1965లో కేంద్రం బండి లాగే, బరువు మోసే పశువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే నియమాలు తెచ్చింది. రెండు చక్రాల బండికి గాలి టైర్లు లేకపోతే చిన్న ఎద్దుకు 500 కిలోలు, మధ్యరకానికి 700, పెద్దదానికి 900. గాలి టైర్లుంటే చిన్నదానికి 750 దాకా పోవచ్చు. ఈ లెక్కలో బండి సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. దారి కిలోమీటరుకు తక్కువ కాకుండా ఎత్తుకు ఎక్కుతూ, ముప్పై మీటర్లకు మూడు మీటర్లకన్నా ఎక్కువ వాలు ఉంటే ఆ బరువు సగానికి తగ్గించాలి. రోజుకు తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కాడి కట్టకూడదు. కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి తెలిసినవాళ్లకు అర్థమవుతుంది: ఈ ఒక్క నియమం పాటిస్తే వేసవిలో ఇక్కడి ఎద్దుకు మధ్యాహ్నమంతా సెలవే. లారీ డ్రైవర్‌కు ఎండ విషయంలో అలాంటి నియమమేదీ లేదు.

ఎద్దుకైతే రూలు రాశారు. ఎందుకంటే ఎద్దు చెబుతుంది. మూలుగుతుంది, నురగ కక్కుతుంది, మొండికేస్తుంది, ఆఖరికి కూలబడుతుంది. మెడ మీద పుండు కనబడుతుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని సామెత ఉన్నా, కాకి కాని మనిషికి ఎక్కడో ఒకచోట చివుక్కుమంటుంది. ఇరుసుకు ఆ నోరు లేదు. ఓవర్ లోడ్ పడ్డప్పుడు బండి చెప్పగలిగిన ఒకే ఒక మాట వెనకభాగం కిందికి కుంగడం. దాన్నీ ఆపడానికి మెకానిక్ షెడ్డులో కమాన్ పట్టీల కట్టకు మరో రెండు పట్టీలు కలుపుతారు. బండి మళ్లీ నిటారుగా నిలబడుతుంది. బ్రేకులు పాతవే, ఇరుసు పాతదే, టైరు పాతదే. కొత్త బలమేమీ రాలేదు. ఉన్న ఒక్క నోరూ మూసుకుపోయింది, అంతే.

లాగే బండి సంగతి ఇంకా చిత్రమైనది. ఎడ్లబండిలో బరువు ముందుకు మొగ్గితే అది ఎద్దుల మెడల మీద పడుతుంది. వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి గొంతుకు బిగుస్తుంది. బండివాడు బస్తాలు సర్దేటప్పుడు ఇరుసుకు కాస్త ముందుగా బరువు ఉండేట్టు చూసుకుంటాడు. అమెరికాలో పికప్‌కు ట్రెయిలర్ తగిలించేవాళ్లు పాటించేదీ అదే. ట్రెయిలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా కొక్కెం మీద పడాలని లెక్క. తక్కువైతే వెనక ట్రెయిలర్ పాములా అటూ ఇటూ ఊగుతుంది, ఎక్కువైతే పికప్ ముందు చక్రాలు తేలికపడి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. వెయ్యేళ్ల కాడికీ నిన్నటి కొక్కేనికీ బరువు శాస్త్రం ఒకటే. తేడా అల్లా దిగువలో తెలుస్తుంది. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్లే ఘాట్‌లో దిగేటప్పుడు, అంతదాకా లాగిన ఇంజనును ఇప్పుడు బరువే వెనక నుంచి నెడుతుంది. ఎంత లాగగలదన్న ప్రశ్నతో బండి కొన్నవాడికి ఎంత ఆపగలదన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది.

ఇక మోసేది ఎవరు? 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్ ట్రాలీ కాల్వలో పడి పదిహేను మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పొలం పనికి వెళ్తున్న కూలీ ఆడవాళ్లు. సరుకు మోయడానికి చేసిన తొట్టిలో మనుషుల్ని ఎక్కించడం మనకు అలవాటైన ఏర్పాటు. రోడ్డు కూడా మోస్తుంది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో రోడ్ల మీద జరిగిన పెద్ద పరీక్షలో తేలింది: ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారింతలవుతుంది. ఒకడు ఒక ట్రిప్పు మిగుల్చుకుంటే ఆ గుంతల్లో ఊరంతా రెండు వానాకాలాలు ఈదుతుంది. ఆ గుంతల్లో పడేవాళ్లలో ఆసుపత్రికి వెళ్లే గర్భిణి ఉంటుంది, ఏ గూడెం పిల్లవాడో ఉంటాడు. ఓవర్ లోడ్‌కు మోటారు వాహనాల చట్టం ఇరవై వేల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ రెండు వేలు అంటుంది. ఎక్కువమంది బండివాళ్లు దాన్ని పాపంగా చూడరు, వ్యాపారంలో తప్పని ఖర్చుగా చూస్తారు.

అయితే పెద్ద బండి కొనడమే ధర్మమా? లెక్క ప్రకారం చూస్తే అవుననే అనిపిస్తుంది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజను రెండు సిలిండర్లది, పదహారు గుర్రాల బలం, మోసేది 750 కిలోలు. అంతే మోసుకుపోయే పనికి టన్నుంపావు, టన్నున్నర మోసే బండిని పెడితే ఇంజనుకు, బ్రేకులకు, డ్రైవర్ నడుముకు కూడా ఊపిరాడుతుంది. ఆ మిగులు బలాన్ని వాడకుండా ఉంచుకోవడం ఒకరకంగా అహింసే.

వాడకుండా ఉంచుకుంటే కదా.

ఇక్కడ జైనుల రెండో సూక్ష్మం పనికొస్తుంది. గృహస్థు తన ఆస్తికి తానే ముందుగా హద్దు గీసుకునే వ్రతం ఒకటి వాళ్లకుంది, పరిగ్రహ పరిమాణం. హద్దు ముందే గీయాలి, చేతిలోకి వచ్చాక కాదు. పతంజలి కూడా అపరిగ్రహాన్ని యమాల్లో చేర్చాడు. కానీ దాన్ని ఎంతని కొలవాలో చెప్పింది జైన గృహస్థ వ్రతమే. బండికి కొట్టిన రేకు మీది అంకె ఆ వ్రతం లాంటిదే. కర్ర ఎక్కించేటప్పుడు అడ్డొస్తుంది కాబట్టే అది వ్రతం. ఖాళీ ఉన్న పెద్ద బండి ముందు ఆ వ్రతం నిలబెట్టుకోవడం కష్టం. ఖాళీ కనిపిస్తే నింపాలనిపించడం మనిషి గుణం. పామాయిల్ గెల కోసిన ఇరవై నాలుగు గంటల్లో మిల్లుకు చేరకపోతే ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. రెండు ట్రిప్పులకు టైము లేదు. ఒకే ట్రిప్పులో గుట్టగా పోసుకుపోవడానికి అంతకన్నా సాకు ఏం కావాలి?

చిన్న బండి ఈ ఆశను కొంతవరకు కట్టేస్తుంది. మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని చట్టం చెబుతుంది. భద్రాచలం గుడి దాటి కాసేపు పోతే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్ నేల. 2014లో అయిదు ఊళ్లు అటు పోయాక ఇక్కడి బండివాడికి సరిహద్దు ఇంటి ముంగిట్లోకే వచ్చింది. అలాంటి చోట చిన్న బండికి చిక్కు తక్కువ. చిక్కు తక్కువగా ఉండటం సంయమమని ఎవరూ అనరు. కానీ ఫలితంలో అది సంయమంలాగే పనిచేస్తుంది.

పెద్ద బండి కొన్నవాడి మీద ముందు ఎక్కే బరువు కర్ర కాదు, మిర్చి కాదు. కిస్తీ. నెలనెలా కట్టాల్సిన ఆ మొత్తం ఖాళీ బండిలో కూడా కూర్చునే ఉంటుంది. దాన్ని దించాలంటే ట్రిప్పులు పెంచాలి, లేదా ట్రిప్పులో లోడు పెంచాలి. భద్రత కోసం కొన్న బలం అలా మెల్లగా అప్పు కోసం బరువెత్తే బలంగా మారిపోతుంది. ఓవర్ లోడ్ చేసేవాణ్ణి లోభి అని తేల్చేయడం ఇక్కడ సులువు కాదు. అతని మీదా ఎవరో శక్తికి మించి ఎక్కించారు. మనిషి తట్టుకోగలిగినదానికి మించి దేవుడు బాధ్యత పెట్టడన్న నమ్మకం ఖురాన్ రెండో సూరా చివర ఉంది. అప్పిచ్చేవాళ్లకు ఆ నమ్మకంతో పనిలేదు.

కిస్తీ మాట వస్తే ఈ నేల మీద శిస్తు మాట రాకుండా ఉండదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా వసూలు చేసిన సర్కారు సొమ్మును భద్రాద్రి రాముడి గుడికి పెట్టాడు. గోల్కొండ సుల్తాను తానీషా అతణ్ణి చెరలో వేయించాడు. పన్నెండేళ్ల తర్వాత రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని భక్తుల కథ. అతను తన పదవి మోయగలిగినదానికి మించి ఎత్తుకున్నాడన్నది నిజమే. ఆ సొమ్ము రైతుల చెమట అన్నదీ నిజమే. కానీ ఆ అతిభారాన్ని మరొకరి మెడకు మార్చకుండా తన ఒంటి మీదే మోశాడు. మోస్తూ ఊరుకోలేదు. సీతమ్మకు, స్వామికి చేయించిన నగల ఖర్చు లెక్కగట్టి మరీ రాముణ్ణి నిలదీసిన కీర్తన ఉంది. భారం మోసేవాడికి అడిగే నోరు ఉండాలనడానికి ఈ నేల మీద అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కమాన్ పట్టీలకు ఆ నోరు లేకనే కదా ఇంత తతంగం.

ఇదే అడవికి ఆవలి అంచున, ములుగు జిల్లా మేడారంలో, బరువుకు మరో కొలత ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ చిలకలగుట్ట నుంచి సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెలకు చేరతారు. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లాన్ని బంగారమని పిలిచి తల్లులకు ఇస్తారు. కాటా ఒక తట్టలో మనిషి, రెండో తట్టలో బెల్లం దిమ్మలు. బిడ్డ కోసం మొక్కితే బిడ్డ బరువు, తన కోసం మొక్కితే తన బరువు. ఎంత సంపన్నుడైనా తన ఒంటికి మించి తూగలేడు. ఒకప్పుడు ఆ బెల్లం ఎడ్లబండ్లలో వచ్చేది. ఇప్పుడు ట్రాలీ ఆటోల్లో, డీసీఎం వ్యాన్లలో వస్తోంది, జనం కూడా వాటిలోనే వస్తున్నారు.

కర్ర అమ్మే చోట కాటా ఇంకోలా పనిచేస్తుంది. బండి వే బ్రిడ్జి మీదికి రెండుసార్లు ఎక్కుతుంది, లోడుతో ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే కర్ర బరువు వస్తుంది. రెండుసార్లూ డ్రైవర్ సీట్లోనే ఉంటాడు కాబట్టి అతని బరువు కొట్టుకుపోతుంది, చీటీ మీద ఎక్కడా పడదు.