ఉపదేశానికి ముందు ఆలకింపు

భగవద్గీత ఉపదేశంతో కాక విషాదంతో మొదలవుతుంది. అర్జునుడికి కాళ్లూ చేతులూ పట్టు తప్పుతాయి, నోరు ఎండిపోతుంది, ఒళ్లు వణుకుతుంది, గాండీవం చేతిలోంచి జారుతుంది. తీవ్రమైన ఒత్తిడికి నేటి వైద్యులు చెప్పే లక్షణాలు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఆ మొదటి అధ్యాయం మొత్తంలో శ్రీకృష్ణుడు పలికేది ఒక్కసారే, అదీ ఎదుట నిలిచిన కౌరవులను చూడమని. ఆపైన అర్జునుడు దుఃఖమంతా వెళ్లబోసుకుని, విల్లంబులు విడిచి రథంలో కూలబడే వరకు ఆయన అడ్డు చెప్పడు. రెండో అధ్యాయం ఆరంభంలో చిన్న మందలింపు ఉన్నా, అసలు బోధ సాగేది అర్జునుడు దిక్కుతోచక తానే శరణు వేడిన తరువాత. ఎదిగే పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ నిదానంగా చదువుకోవలసిన క్రమం ఇది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో ఇలా ముందు ఆలకించవలసిన అవసరం మరింత ఎక్కువ. సోవియట్ సహకారంతో నిర్మించిన కర్మాగారంలో 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఉపాధి వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడే స్థిరపడి, సెక్టార్ 5 బాలాజీ మందిరంలో తమ దైవాన్ని కొలుచుకుంటూ, పిల్లల చదువునే ఆస్తిగా భావించాయి. 2016లో ఈ ఊరి పేరుతోనే ఐఐటీ వెలసింది. ఫర్నేస్ ఆరదు కనుక షిఫ్టులూ ఆగవు. రాత్రి షిఫ్టు దిగిన తండ్రి స్కూటర్‌కు స్టాండు వేసే వేళకు కొడుకు పుస్తకాల సంచీ తగిలించుకుని సైకిలెక్కుతుంటాడు. దొరికిన ఆ కాస్త సమయంలో "టెస్టులో ఎన్నొచ్చాయిరా?" అన్న ప్రశ్న ఒక్కటే వినిపిస్తే, భయం చెప్పుకోవడానికి ఆ పిల్లవాడికి చోటు మిగలదు. ఆ ప్రశ్న వెనుక ఉన్నది ప్రేమే, తాము పడ్డ కష్టం బిడ్డ పడకూడదన్న ఆరాటమే. అయినా పిల్లవాడి చెవికి చేరేది మార్కుల లెక్క మాత్రమే.

బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907–1990) రూపొందించిన అనుబంధ సిద్ధాంతం, అంటే బిడ్డకూ పెంచినవారికీ మధ్య ముడి జీవితమంతా ఎలా పనిచేస్తుందో వివరించే ఆలోచన, ఈ విషయాన్నే మరోవైపు నుంచి చెబుతుంది. ఆపదలో తన మాట వినేవారున్నారన్న నమ్మకం పసితనంలోనే నాటుకుంటే, కౌమారంలో తల్లిదండ్రులకు దూరంగా జరుగుతున్నట్టు కనిపించే వయసులో కూడా అది లోపల నిలిచే ఉంటుంది; అటువంటి పిల్లలు సాయం అడగడానికి జంకరు, చిక్కును విడదీసి చూడగలుగుతారు. ఆ నమ్మకం కొరవడినవారు తరచుగా బాధను దాచుకుంటారు, లేదా తమనే నిందించుకుంటారు.

పద్దెనిమిదో అధ్యాయంలో, చెప్పవలసిందంతా చెప్పాక, శ్రీకృష్ణుడు బాగా విచారించి నీకు తోచినట్టు చేయమని నిర్ణయాన్ని అర్జునుడికే వదిలిపెడతాడు. శాసించగల సమర్థుడే అలా వదిలిపెట్టాడన్నది పెద్దలు గమనించాలి. ఇంజనీరింగ్ తనకు ఇష్టం లేదని పదహారేళ్ల కూతురు భోజనాల దగ్గర జంకకుండా చెప్పగలిగే ఇంట్లో, ఆమె చివరికి ఏ దారి పట్టినా, పరీక్ష పోయిన రోజున మొదట చెప్పుకునేది అమ్మానాన్నలకే.